రెండు ‘హైదరాబాదు’లు

హైదరాబాదునకు పడమట, మాదాపూరులో 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనది. దాని చుట్టును పెరిగిన హైటెక్ సిటీ కార్యాలయములలో ప్రోగ్రాములు వ్రాయుట ఎంత పనియో, వానిని పరీక్షించుటయు అంత పనియే. ఆ పరీక్షను సైతము చాలవరకు మరొక ప్రోగ్రామే చేయును. రావలసిన జవాబును, వచ్చిన జవాబును పోల్చి ఔనో కాదో తేల్చు చిన్న సాధనమునకు అందులో ‘మాచర్’ అని పేరు. జావా భాషలో వ్రాయువారికి పరిచితమైన ‘హామ్‌క్రెస్ట్’ అట్టి మాచర్ల సంపుటి. (ఇంగ్లీషున మాచర్స్ అను మాటలోని అక్షరములను తారుమారు చేయగా వచ్చినదే ఆ వింత పేరు.)

సంఖ్యలు సమానమా, జాబితాలో ఫలానాది ఉన్నదా అను ప్రశ్నలకు మాచర్లు అందు సిద్ధముగనే ఉన్నవి. తెలుగు మాట వచ్చినప్పుడే చిక్కు.

‘హైదరాబాదు’ అను మాటనే చూడుడు. యూనికోడ్ పద్ధతిలో ప్రతి గుర్తుకును ఒక సంఖ్య కలదు. ‘హ’కు 3129, ఐత్వమునకు 3144. అయితే ఐత్వమును మనము చేతితో వ్రాయునట్లే, పైన ఎత్వము (3142), క్రింద మరొక గుర్తు (3158)గా విడదీసియు నమోదు చేయవచ్చును. రెండును ఒకటేయని యూనికోడ్ నియమము. మొదటి విధమున ఈ మాటకు 9 సంఖ్యలు, రెండవ విధమున 10. తెరమీద భేదము కానరాదు. సాధారణ మాచర్ సంఖ్యలను వరుసగా పోల్చి, ‘హైదరాబాదు రావలెను, హైదరాబాదు వచ్చినది, కావున తప్పు’ అనును! చదివినవానికి ఏమి బోధపడును?

కావున క్రొత్త మాచర్‌ను చేర్చవలెను. దానికి ముఖ్యముగా నేర్పవలసినది పోలిక: రెండు మాటలను ముందు ఒకే ప్రామాణిక రూపమునకు మార్చి, పిమ్మట సంఖ్యలను పోల్చుట. ఇది నాలుగు వరుసల పని. తాను కోరునదేమో చెప్పుటయు నేర్పవలెను. తప్పు వచ్చినచో, ‘2వ స్థానమున 3144 రావలసియుండగా 3142 వచ్చినది’ అని చూపుటయు నేర్పవలెను. ఈ చివరిదానిని అశ్రద్ధ చేయుట కద్దు. నిజమునకు పరీక్షకునికి అక్కరకు వచ్చునది ఇదియే.

అటుపిమ్మట మాచర్‌నే పరీక్షింపవలెను. రెండు విధముల ‘హై’లను అది ఒకటనవలెను, ‘హై’, ‘హె’లను వేరనవలెను. అన్నిటికిని ఔనను మాచర్ కన్న అసలు లేకుండుటయే మేలు.

దీనిని వాడరాని చోటు కూడ కలదు. శైలజ యను విద్యార్థిని పేరు బడి జాబితాలో ఒక విధముగను, పరీక్ష దరఖాస్తులో మరొక విధముగను నమోదైనదనుకొందము. సంఖ్యలను మాత్రమే చూచి వెదకు ప్రోగ్రామునకు ఆమె దొరకదు. అట్లు కాకుండుటకై పేర్లన్నియు ప్రామాణిక రూపముననే దాచవలెనని నియమము పెట్టుదురు. ఆ నియమము సాగుచున్నదో లేదో పరీక్షించునప్పుడు, ఈ క్రొత్త మాచర్ విడివడిన ఐత్వమును చూచియు ఔననును, తప్పు కప్పువడిపోవును. అచ్చట పాత కఠినమైన మాచర్‌నే వాడవలెను.