తులమెంత? ఔన్సెంత?

బంగారము ధర వార్తలలో వినునపుడు మనకు మూడు కొలతలు చెవిని బడుచుండును. లండను విపణిలో ఔన్సు, మన నగరముల ధరలలో పది గ్రాములు, ఇంటి పెద్దల నోట తులము. వీనికి గల సంబంధము ఎరుగనిచో ధర పెరిగినదనియో తగ్గినదనియో తెలియును గాని, పెట్టెలోని సొమ్ము విలువ తెలియదు.

ఆంగ్లేయుల ఔన్సులు రెండు. పచారీ సరుకులు తూచు ఔన్సు 28.35 గ్రాములు, వెండి బంగారములు తూచు ట్రాయ్ ఔన్సు 31.10 గ్రాములు. అయితే సరుకుల పౌనుకు 16 ఔన్సులు, ట్రాయ్ పౌనుకు 12 మాత్రమే. కనుక ఔన్సు చింతపండు కంటె ఔన్సు బంగారము బరువు. పౌను బంగారము కంటె పౌను చింతపండు బరువు! ఈ చిక్కును విడదీయునది గ్రెయిన్ అను చిన్న తూనిక. రెండు పద్ధతులందును అది యొక్కటే. ట్రాయ్ ఔన్సునకు 480 గ్రెయిన్లు.

కుంపిణీవారు 1833లో మన తులమును సయితము 180 గ్రెయిన్లని నిర్ణయించిరి. 1835 నాటి వెండి రూపాయి బరువును అంతియే. కావుననే తక్కెడలో తులము రాయికి బదులు రూపాయి వేసి తూచెడివారు. ఈ లెక్కన మూడు ట్రాయ్ ఔన్సులు సరిగా ఎనిమిది తులములు, తులము 11.664 గ్రాములు.

1956 నాటి చట్టము ననుసరించి 1958 అక్టోబరు మొదలు మెట్రిక్ తూనికలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. తులము తూనికగా పోయినది, మాటగా నిలిచినది. నేడు పలు దుకాణములలో తులమనగా పది గ్రాములే. ఇందు మోసమేమియు లేదు. మాటకు అర్థము మారినదంతే. కాని ఆ కాలపు అమ్మమ్మగారు మనుమరాలికి అయిదు తులముల గొలుసని పుస్తకమున వ్రాసియుంచినచో అది 58.3 గ్రాములు. దానిని నేటి అర్థమున 50 గ్రాములుగా లెక్కించిన, పంపకములలో ఆ పిల్ల కాసు బంగారమునకు మించి నష్టపోవును. కాసనగా నేటి వాడుకలో 8 గ్రాములు గదా!

నోటిలెక్కకు ఒక సులువు గలదు. మూడు పాత తులములు 35 గ్రాములు. తేడా గ్రాములో నూరవ వంతైనను రాదు. ఆంధ్ర మండలములలో వీశకు నలువది చొప్పున లెక్కించిన పలము బరువును ఇదియే.

ఔన్సు ధరను 3.11తో భాగించిన పది గ్రాముల ధర వచ్చును. ఔన్సు 3,11,000 రూపాయలనుకొన్నచో పది గ్రాములు లక్ష. దుకాణపు ధర ఇంతకు మించియుండుటకు దిగుమతి సుంకము, పన్నులు కారణము. మరియు ఔన్సు ధర మేలిమి బంగారమునకు. 22 కారట్ల నగలో మేలిమి వేయింట 916 పాళ్లే.

పాత నగలను తూచి చూచునపుడు లోపలి లక్క, పైని రాళ్ల బరువును ముందుగా తీసివేయవలెను. అమ్మమ్మగారి పుస్తకములోని తులములు వానిని కలిపి వ్రాసినవో, విడిచి వ్రాసినవో ఇంటివారే విచారించుకొనవలెను.