వంకాయకు ఇరుసు వేసినవాడు

పల్నాట్లో ఒకప్పుడు దుకాణంలో దొరికే బండంటూ లేదు. రైతుకు బండి కావాలంటే వడ్రంగి కొట్టం ముందు కూర్చోవలసిందే. ఎద్దులెంత ఎత్తు, పొలం దారి నల్లరేగడా రాళ్ళ నేలా, బండి మీద వెళ్ళేది పత్తా మిరపకాయలా ధాన్యమా, అన్నీ అడిగి తెలుసుకున్నాకే వడ్రంగి ఉలి పట్టేవాడు. చక్రానికి ఆకులు దిగేసి, పూటీలు కూర్చి, ఆఖర్న ఎర్రగా కాల్చిన ఇనప పట్టా తొడిగి నీళ్ళు గుమ్మరిస్తే, అది చుయ్యిమంటూ ముడుచుకుని కర్రను బిగించేది. ఆ బిగింపుకు మేకుతో పనిలేదు. ఊళ్ళో ఏ రెండు బళ్ళూ ఒకలా ఉండేవి కావు. చీకట్లో చప్పుడు విని ఫలానావారి బండి వస్తోందని చెప్పగలిగేవారు.

ఇప్పుడు 'కస్టమ్ కారు' అంటే డబ్బున్నవాళ్ళ ముచ్చటలా వినిపిస్తుంది. నిజానికి ఎవరి బండి వారికి వేరుగా చేయించుకోవడమే పాత పద్ధతి. అందరికీ ఒకే అచ్చు బండి అనేది కొత్త. హెన్రీ ఫోర్డ్ 1908లో మోడల్ టి కారు తెచ్చి, 1913లో దాన్ని కదిలే వరస మీద బిగించడం మొదలుపెట్టాక గానీ ఆ అలవాటు ప్రపంచానికి పట్టలేదు. దానికింకా నూట పదిహేనేళ్ళు కూడా నిండలేదు.

ఆ అచ్చు పద్ధతిని అసలు లెక్కే చేయని మనిషి ఒకరు హైదరాబాద్‌లో ఉన్నారు. పేరు కన్యబోయిన సుధాకర్. బహదూర్‌పురాలో, జూపార్కుకు దగ్గర్లో, సుధా కార్స్ మ్యూజియం ఆయనదే. బడి రోజుల్లో సరదాగా మొదలైన పని, తర్వాత వృత్తి అయింది. 2010లో మ్యూజియం అయింది. ఈ మూడు ముక్కల్లో ఆయన జీవితం ఇమిడిపోయినట్టే ఉంటుంది గానీ, లోపలికి వెళ్ళి చూస్తే కథ అంత కురచ కాదని తెలుస్తుంది.

నరసరావుపేట నుంచి వచ్చిన మేనల్లుణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. లోపల వంకాయ ఉంది. బర్గర్ ఉంది. కెమెరా, కంప్యూటర్, క్రికెట్ బ్యాటు, ఫుట్‌బాల్, హెల్మెట్, కప్పూ సాసరూ, మంచం, స్నూకర్ బల్ల ఉన్నాయి. ఆఖరికి మరుగుదొడ్డి కమోడ్‌కి కూడా చక్రాలున్నాయి. అన్నీ ఇంజిన్‌తో నడిచేవే. మావాడు కాసేపు నవ్వాడు. తర్వాత వంకాయ చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు:

"మామయ్యా, మనిషి ఎక్కడ కూర్చుంటాడు?"

పన్నెండేళ్ళవాడు అడిగిన ఆ ప్రశ్నలోనే ఈ వృత్తి మొత్తం ఉంది. మామూలు కారు గీసేవాడు మనిషిని ముందు కూర్చోబెట్టి అతని చుట్టూ రేకు గీస్తాడు. సుధాకర్ పని దానికి తిరగేసినట్టు. వస్తువు ఆకారం ముందే ఖాయమైపోయింది. వంకాయ వంకాయలాగే ఉండాలి, లేదంటే నవ్వు రాదు. ఆ ఆకారం చెడకుండా లోపల ఒక మనిషిని ఇరికించాలి. అతనికి ముందున్న దారి కనపడాలి. ఇంజిన్‌కు గాలి ఆడాలి. చక్రం పక్కకు తిరగడానికి జాగా వదలాలి, కానీ చూసేవాడి కంటికి చక్రం కంటే వంకాయే ముందు ఆనాలి. గుండ్రటి వస్తువు అయితే బరువంతా ఒక పక్కకు ఒరగకుండా చూసుకోవాలి. నాకు అన్నిటికంటే కష్టంగా తోచింది కప్పూ సాసరూ కాదు, క్రికెట్ బ్యాటు. బల్లపరుపుగా, సన్నగా, పొడుగ్గా ఉండే దాంట్లో మనిషిని ఎక్కడ దాస్తారు?

ఇలాంటి ఒళ్ళు చేయడానికి ఫైబర్ అనువైనది. ముందు మూస చేసుకుని, గాజు పీచు చాపలు పరిచి, వాటి మీద రెసిన్ పూస్తూ పొర మీద పొర వేస్తారు. గట్టిపడ్డాక ఊడదీసి, పుట్టీ పెట్టి, గరుకు కాగితంతో రుద్ది రుద్ది నున్నగా చేసి రంగు కొడతారు. వినడానికి తేలిక. రెసిన్ వాసనకు కళ్ళు మండుతాయి, పీచు ఒంటికి తగిలితే రెండు రోజులు దురద. లోపలి ఎముకల గూడు మాత్రం వెల్డింగ్ పనే. సుధాకర్ సామాను చాలామటుకు పాత ఇనప దుకాణాల నుంచి వచ్చిందే. ఎవరో పారేసిన బండి ఇంజిన్ ఇంకెక్కడో వంకాయలో గుండెకాయై కొట్టుకోవడం తమాషాగా లేదూ?

ఆయన పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది మాత్రం ఇంజిన్ లేని బండితో. 2005 జులై 1న హైదరాబాద్‌లో ఆయన నడిపిన మూడు చక్రాల సైకిలు ఎత్తు 41 అడుగుల 7 అంగుళాలు, పొడవు 37 అడుగుల 4 అంగుళాలు, చక్రం అడ్డకొలత 17 అడుగులు. అడ్డకొలత 17 అంటే చుట్టుకొలత 53 అడుగులు దాటుతుంది. చక్రం ఒక్క చుట్టు తిరిగితే సన్నకారు రైతు కల్లం ఈ చివర నుంచి ఆ చివరకు వచ్చేసినట్టే. దీనికి సరిగ్గా ఎదురుగా, మోకాలు దాటని మోటార్ సైకిలు కూడా ఆయనే చేశారు. పెద్దదైనా చిన్నదైనా నడవాలి, బొమ్మగా నిలబడితే చాలదు. ఆ పట్టుదల లేకపోతే ఆయన పని శిల్పమయ్యేది, బండి అయ్యేది కాదు.

ఈ వృత్తికి లోకంలో పెద్ద పేరు జార్జ్ బ్యారిస్‌ది. కాలిఫోర్నియాలో 'కస్టమ్' అనే మాటను సి బదులు కె అక్షరంతో రాసుకుని, అదే తన ముద్రగా చేసుకున్న మనిషి. లింకన్ కంపెనీ 1955లో నమూనాగా చేసి వదిలేసిన ఫ్యూచురా కారును ఒక్క డాలరుకు తీసుకుని, దాన్నే 1966 టీవీ సీరియల్ కోసం బ్యాట్‌మొబీల్‌గా మార్చాడు. 2013లో ఆ కారు వేలంలో నలభై లక్షల డాలర్లకు పైగా పలికింది. మన దేశంలో ఈ దారిలో బాగా వినపడిన పేరు దిలీప్ ఛాబ్రియా. సినిమా తారల వ్యాన్ల లోపలి హంగులకూ, 2012లో ఢిల్లీ ఆటో ఎక్స్‌పోలో చూపిన అవంతి స్పోర్ట్స్ కారుకూ ఆయన ప్రసిద్ధుడు. బ్యారిస్‌కు హాలీవుడ్ ఉండేది, ఛాబ్రియాకు బొంబాయి ఉంది. ఇద్దరికీ అడిగి చేయించుకునేవాళ్ళు దొరికారు.

మరి వంకాయ కారు చేయమని సుధాకర్‌ని ఎవరడిగారు?

ఎవరూ అడగలేదు. అక్కడే నాకు మా కోటప్పకొండ గుర్తొచ్చింది.

పల్నాడు బయటివాళ్ళ కోసం కాస్త చెప్పాలి. నరసరావుపేటకు పది కిలోమీటర్ల పైచిలుకు దూరంలో త్రికోటేశ్వరస్వామి కొండ ఉంది. శివరాత్రి తిరునాళ్ళకు చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకొస్తారు. బండి మీద సరుగుడు, వెదురు గడలతో గోపురంలా పైకి కట్టుకుంటూ పోయి, రంగు గుడ్డలూ కాగితాలూ తొడిగి, మధ్యలో దేవుడి బొమ్మ నిలిపేది పాత ప్రభ. కరెంటు వచ్చాక విద్యుత్ ప్రభ పుట్టింది. వేల బల్బులు, జనరేటర్ మోత, ఎనభై అడుగులు దాటిన ఎత్తు. ఎడ్లు లాగిన చోట ఇప్పుడు ట్రాక్టర్లు వచ్చాయి. గిన్నిస్ సైకిలు ఎత్తు చెప్పినప్పుడు మావాడు పెద్దగా ఆశ్చర్యపోకపోవడానికి కారణం ఇదే. "మన ప్రభలో సగం" అని తేల్చేశాడు.

ప్రభను నిలబెట్టడం చూసినవాళ్ళకు అదెంత ఇంజనీరింగో తెలుసు. అడుగు వెడల్పు తక్కువ, ఎత్తు ఎక్కువ. గాలి వీస్తే తెరచాపలా పట్టేస్తుంది. అందుకే నాలుగు వైపులా మోకులు కట్టి, ఒక్కో మోకుకు గుంపు చొప్పున మనుషులు వేలాడతారు. దారి ఎడమకు వాలితే కుడి మోకు బిగించాలి, గుంతలో చక్రం దిగితే వెనక మోకు సడలించాలి. కంప్యూటర్ లెక్కలు లేవు, ఒకరి కేక మీద అందరి చేతులూ కదలడమే. అంత చేసీ అది మోసే సరుకేమిటి? ఏమీ లేదు. తన వెలుగును తాను మోసుకుంటుంది, అంతే. వంకాయ కారూ అంతే. ఎక్కడికో చేరడానికి చేసిన బళ్ళు కావివి, చూపించడానికి చేసినవి. చూపించాలంటే మాత్రం కదలాలి.

ఇంకో పోలిక నన్ను మరీ ఆకట్టుకుంది. ప్రభకు గడువు శివరాత్రి, ఒక్క రోజు అటూ ఇటూ కాకూడదు. సుధాకర్ బళ్ళకూ అలాంటి తిథులే ఉన్నాయి. మహిళా దినోత్సవానికి ఎత్తు మడమ చెప్పు కారు, హ్యాండ్‌బ్యాగ్ కారు. బాలల దినోత్సవానికి పెన్నూ పెన్సిలూ రబ్బరూ షార్ప్‌నరూ. ఎయిడ్స్ మీద అవగాహనకు కండోమ్ బైకు, పొగ మానమనడానికి సిగరెట్ బైకు. పంచాంగం వేరు గానీ, తిరునాళ్ళ తీరు ఒకటే. ఆ రోజు వీధిలోకి రావాలి, జనం ఆగి చూడాలి, నలుగురూ నవ్వాలి. కొన్నింటిలో హాస్యం మోటుగా ఉంటుందనేవాళ్ళున్నారు. ఉంటుంది. తిరునాళ్ళ హాస్యం ఎప్పుడు సుతారంగా ఉంది గనక!

ఆ వరసలో విచిత్రమైనది 2020 ఏప్రిల్‌లో వచ్చింది. కరోనా వైరస్ ముళ్ళ బంతి ఆకారంలో, ఆరు చక్రాలు, 100 సీసీ ఇంజిన్, ఒక్కరే కూర్చునే కారు. గంటకు 40 కిలోమీటర్ల వేగం. జనాన్ని ఇంట్లో ఉండమని చెప్పడానికి దాన్ని హైదరాబాద్ వీధుల్లోకి తెచ్చారు. జనం పోగవ్వాలని తప్ప మరెందుకూ బండి చేయని మనిషి, పోగవ్వొద్దని చెప్పడానికి బండి చేశారు.

తేడాలు లేకపోలేదు. ప్రభను ఊరు కడుతుంది, చేసినవాడి పేరు దాని మీద ఉండదు, ఊరి పేరే ఉంటుంది. తిరునాళ్ళ మర్నాడు మోకులు విప్పి, గడలు దింపి, బల్బులు పెట్టెల్లో సర్దేస్తారు. వచ్చే ఏడు మళ్ళీ మొదట్నుంచీ కట్టుకోవాలి. సుధాకర్ చేసినవి మాత్రం విప్పరు. ఒకే మనిషి పేరు కింద వరసగా నిలబడి, టికెట్ కొన్నవాళ్ళ కోసం ఎదురుచూస్తాయి. రెండింట్లో ఏది మేలంటే నేను చెప్పలేను. విప్పేసే దాంట్లో ఏటేటా చెయ్యి తిరుగుతూ ఉంటుంది. ఉంచేసే దాంట్లో నలభై ఏళ్ళ తర్వాత పుట్టినవాడు కూడా వంకాయ చుట్టూ తిరిగి ప్రశ్న అడగగలడు.

ఈ పని నేర్చుకోవాలనుకునే మాచర్ల, గురజాల కుర్రాళ్ళు ఒక సంగతి గమనించాలి. మన దేశంలో రోడ్డు మీద తిరిగే బండి ఆకారాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడానికి వీల్లేదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా మార్పులు కుదరవంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ఒకప్పుడు లారీ అంటే ఇంజినూ చట్రమూ మాత్రమే వచ్చేవి. బెజవాడ ఆటోనగర్ షెడ్లలో యజమాని ముచ్చట ప్రకారం బాడీ కట్టించేవారు. ముందు అద్దం పైన దేవుడు, తలుపు మీద నెమలి, వెనక రాతలు, అంతా పనివాడి చేతి చలవ. బాడీలకు కూడా ప్రమాణాలు వచ్చాక ఆ జాగా ఇరుకైంది. ప్రమాణాలు ప్రాణాల కోసమే, కాదనను. కానీ చెయ్యి తిరిగిన పనివాడు ఇప్పుడు తన ఊహను ఎక్కడ పెట్టుకోవాలి? సినిమా సెట్లలో, ఊరేగింపు వాహనాల్లో, దుకాణం ముందు నిలబెట్టే ప్రకటన బళ్ళలో, దివ్యాంగులకు అనుమతితో కూర్చే స్కూటర్ల అదనపు చక్రాల్లో. ఆ చివరిది చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఈ మనిషి కాలికి తగ్గట్టు ఈ బండి అనే పాత వడ్రంగి లెక్క మిగిలింది అందులోనే.

తిరుగు ప్రయాణంలో మావాడు నోటు పుస్తకం వెనక అట్ట మీద ఏదో గీస్తూ కూర్చున్నాడు. గోంగూర కట్టకు నాలుగు చక్రాలు. మనిషి ఎక్కడ కూర్చుంటాడని ఈసారి నేనడిగాను. కాడల కింద కూర్చుంటాడన్నాడు. ఆకులు కళ్ళకు అడ్డం రావా అంటే, కాసేపు ఆలోచించి కొన్ని ఆకులు చెరిపేశాడు. కొండకు వెళ్ళే దారిలో దీన్ని నడిపిస్తే కరెంటు తీగలు తగలవని కూడా చెప్పాడు. శివరాత్రికి ముందు ప్రభల దారి పొడుగునా కరెంటువాళ్ళు తీగలు తప్పించడం వాడు ఏటా చూస్తాడు. ప్రభ దాటిపోయాక వాటిని మళ్ళీ కడతారు.