ఒక్కడి వాద్యగోష్ఠి: 'ట్యూబ్యులర్ బెల్స్'ను ఎలా వినాలి?

ఆ మధ్య టెక్కలిలో పదిమందిమి కూర్చున్న ఒక సాహిత్య గోష్ఠిలో వస్తువు, శిల్పం అన్న పాత చర్చ మళ్ళీ తలెత్తింది. వస్తువే శిల్పాన్ని నిర్ణయిస్తుందని నాకు అలవాటైన ధోరణిలో నేను చెప్పుకుపోతున్నాను. తెలుగు ఎం.ఏ. చదువుతున్న ఒక యువమిత్రుడు లేచి, "మాటలే లేని సంగీతంలో వస్తువు ఏది మాస్టారూ?" అని అడిగాడు. అడిగి ఊరుకోలేదు, తన ఫోనులోంచి ఒక రికార్డు వినిపించాడు. 1973లో ఇంగ్లండులో వెలువడిన రికార్డు అది. ఇరవై ఏళ్ళు అప్పుడే నిండిన కుర్రవాడొకడు దాదాపు అన్ని వాద్యాలూ తానే వాయించి చేసిన మొదటి రికార్డు. పేరు 'ట్యూబ్యులర్ బెల్స్'. చేసినవాడు మైక్ ఓల్డ్‌ఫీల్డ్. "దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు" అన్నాడు మిత్రుడు. "ప్రోగ్రెసివ్ అంటే మన అభ్యుదయమేనా?" అని వెనకనుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

నవ్వితే నవ్వాం గాని, ఆ రెండు ప్రశ్నలకూ ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. తర్వాత ఆ రికార్డును చాలాసార్లు విన్నాను. నేను సంగీత శాస్త్రజ్ఞుణ్ణి కాను. పిల్లలకు ఛందస్సు చెప్పుకునేవాణ్ణి. ఆ అర్హతతోనే, ఆ బాకీ తీర్చుకోవడానికి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాట ఒకటే, అర్థాలు రెండు

ముందు ఆ మాట సంగతి తేల్చుకుందాం. 1943లో తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం మొదటి మహాసభ జరుపుకున్నప్పుడు 'అభ్యుదయం' అంటే సమాజం ముందుకు నడవడం, ఆ నడకకు సాహిత్యం తోడుపడడం. రాక్ సంగీతంలో ప్రోగ్రెసివ్ అన్న మాటకు ఆ అర్థం లేదు. గిటారు, బేస్ గిటారు, డ్రమ్ములు, గొంతు, మూడు నాలుగు నిమిషాల పాట: ఇదీ అంతవరకూ రాక్ సంగీతపు చట్రం. 1960ల చివర కొందరు ఇంగ్లీషు యువకులకు ఆ చట్రం ఇరుకైంది. రికార్డుకు ఒక వైపంతా సాగే దీర్ఘ రచనలు చేశారు. యూరపు శాస్త్రీయ సంగీతం నుంచి, జాజ్ నుంచి, జానపదం నుంచి పద్ధతులు తెచ్చుకున్నారు. 1969లో కింగ్ క్రిమ్సన్ బృందం చేసిన మొదటి రికార్డు ఈ దారిలో ఒక మైలురాయి. అంటే ఇక్కడ ముందుకు నడిచింది రూపం. సమాజం గురించి వాళ్ళు ఏమనుకున్నారన్నది వేరే లెక్క. ఒకే మాట కదా అని మనవాళ్ళనుకుని కావలించుకోనక్కర్లేదు, మన అర్థంలో ఇమడలేదని తోసిపుచ్చనూ అక్కర్లేదు.

చెరిపే చోట అడ్డుపెట్టి

ఓల్డ్‌ఫీల్డ్ 1953లో రెడింగ్ పట్టణంలో పుట్టాడు. చిన్ననాడే జానపద గీతాల క్లబ్బుల్లో గిటారు వాయించాడు. అక్క శాలీతో కలిసి 'శాలీయాంజీ' పేరుతో ఒక రికార్డు చేశాడు. తర్వాత కెవిన్ అయర్స్ బృందంలో బేస్ గిటారు వాయించాడు. తల్లి మానసిక వ్యాధితో బాధపడేది. ఇంట్లో ఊపిరాడక తాను గిటారులోకి పారిపోయేవాణ్ణని 2007లో వచ్చిన తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. అతని ఒంటరితనం వేషం కాదని తెలియడానికి ఈ సంగతి చాలు.

1971 ప్రాంతంలో లండనులోని టాటెన్‌హామ్‌లో ఒక చిన్న వాటాలో ఉంటూ, అయర్స్ దగ్గర అడిగి తెచ్చుకున్న టేపు రికార్డరు మీద ఈ రచన తొలి ముసాయిదా తయారుచేశాడు. టేపు రికార్డరులో టేపు ముందుగా చెరిపే హెడ్ మీదుగా పోతుంది. అక్కడ పాత శబ్దం చెరిగిపోతే, ఆ తర్వాతి హెడ్ కొత్త శబ్దాన్ని ఎక్కిస్తుంది. ఇతను ఆ చెరిపే హెడ్‌కు అడ్డుపెట్టాడు. దాంతో పాతది ఉండగానే దాని మీద కొత్తది పడింది. పియానో మీద ఆర్గన్, ఆర్గన్ మీద గిటారు. డబ్బు లేనివాడి ఉపాయం అది. గతాన్ని చెరిపేలా తయారైన యంత్రంతోనే గతాన్ని నిలబెట్టించాడు.

ఆ ముసాయిదాను రికార్డు కంపెనీలు వద్దన్నాయి. పాట లేదు, పాడేవాడు లేడు, దీన్ని ఎవరికి అమ్మాలి? చివరికి ఆక్స్‌ఫర్డు దగ్గర షిప్టన్ అనే ఊళ్ళో పాత బంగళాను స్టూడియోగా మార్చుకున్న రిచర్డ్ బ్రాన్సన్ అవకాశం ఇచ్చాడు. 1972 నవంబరులో ఒక వారం. ఆ వారంలో మొదటి భాగం పూర్తయింది. మరుసటి ఏడు తొలినెలల్లో స్టూడియో ఖాళీ దొరికినప్పుడల్లా రెండో భాగం చేశాడు. అక్కడి యంత్రంలో రెండంగుళాల వెడల్పు టేపు మీద 16 దారులు ఉండేవి. ఒక దారిలో ఒక వాద్యం ఎక్కించి, దాన్ని చెవిలో వింటూ మరో దారిలో మరొకటి ఎక్కించడం. 1973 మే 25న రికార్డు విడుదలైంది. బ్రాన్సన్ కొత్తగా పెట్టిన వర్జిన్ కంపెనీకి అదే మొట్టమొదటి రికార్డు.

తగ్గిన ఒక్క మాత్ర

ఇక యువమిత్రుడి మొదటి ప్రశ్న: వస్తువు ఏది?

రికార్డు ఒక చిన్న పియానో పలుకుతో మొదలవుతుంది. అదే పలుకు మళ్ళీ మళ్ళీ వస్తుంది. మొదటిసారి విన్నప్పుడు బల్లమీద వేళ్ళతో తాళం వేయబోయాను. తప్పింది. మళ్ళీ వేశాను, మళ్ళీ తప్పింది. మామూలుగా 16 లెక్కకు రావలసిన ఆ పలుకులో ఒకటి కావాలనే వదిలేసి 15తో కట్టాడు. ఎనిమిది ఎనిమిదిగా లెక్కపెడితే ఒకటి తగ్గుతుంది. మన అలవాటు కొద్దీ ఏడు ఏడుగా లెక్కపెడితే ఒకటి మిగులుతుంది. చెవి నిలబడబోయిన ప్రతిసారీ కాలు కింద నేల కాస్త జరుగుతుంది.

తెలుగు చదువుకున్నవాళ్ళకు ఇది కొత్త అనుభవం కాదు. మూడు, నాలుగు మాత్రల గణాలు కలిపి 14 మాత్రల పాదంగా గురజాడ 'ముత్యాల సరములు' 1910లో అచ్చయినప్పుడు, వృత్తాల నడకకు అలవాటుపడిన చెవులకు ఇలాగే నేల జరిగి ఉంటుంది. ఆ ఛందస్సు చెప్పే కబురు పద్యంలో ఉన్న కబురు కంటే వేరుగా లేదు: పాత నడక ఇక చాలదని. ఓల్డ్‌ఫీల్డ్ పలుకులో మాటలు లేవు కాబట్టి కబురంతా నడకే చెబుతుంది. స్థిమితం కోసం వెతుకుతూ ఒక్క అడుగులో దాన్ని పోగొట్టుకుంటూ ఉండే మనసు అందులో ఉంది. వస్తువు ఇదే. అది శిల్పానికి బయట ఎక్కడో లేదు. 'వస్తువే శిల్పాన్ని నిర్ణయిస్తుంది' అన్న నా సూత్రం తప్పని అనను. ఆ రెంటినీ రెండు డబ్బాల్లో పెట్టి చూపించే నా పాఠం మాత్రం తప్పు.

ఆ అస్థిమితపు పలుకు మీద ఒక్కొక్క వాద్యం చేరుతుంది, వీడిపోతుంది. కథ లేదు, పల్లవి చరణాలు లేవు. మొదటి భాగం చివరికి వచ్చేసరికి ఒక కొత్త బాణీ స్థిరపడి తిరుగుతూ ఉంటుంది. అప్పుడు వివియన్ స్టాన్‌షాల్ అనే హాస్యగాయకుడి గొంతు సూత్రధారుడిలా ప్రవేశిస్తుంది. పియానో, ఆర్గన్, గ్లాకెన్‌స్పీల్, బేస్ గిటారు, మాండలిన్... ఇలా ఒక్కొక్క వాద్యాన్ని పేరుపెట్టి పిలుస్తాడు. పిలిచిన వాద్యం వచ్చి అదే బాణీని తన గొంతుతో పలుకుతుంది. నాకది బడిలో హాజరు పిలిచినట్టు వినిపించింది. ఆఖరున పిలుపందుకునేవి ట్యూబ్యులర్ బెల్స్: వేలాడదీసిన పొడవాటి లోహపు గొట్టాలు. మామూలుగా వాడే మెత్తని సుత్తి కాకుండా ఇనుప సుత్తితో కొట్టి వాటిని మోగించాడు. అందుకే ఆ మోతలో కాస్త పగులు వినిపిస్తుంది.

ఒక్కడేనా?

ఈ రికార్డు గురించి ఎవరు చెప్పినా 'అంతా ఒక్కడే' అన్న అద్భుతంతో మొదలుపెడతారు. మనవాళ్ళు విమర్శించినా అక్కడే మొదలుపెడతారు, వ్యక్తివాదానికి పరాకాష్ఠ అని. రెండు పక్షాలూ రికార్డు అట్ట వెనక ఏం రాసి ఉందో చూడవు. డ్రమ్ములు వాయించింది స్టీవ్ బ్రౌటన్. వేణువు జాన్ ఫీల్డ్‌ది. స్త్రీ గొంతులు అక్క శాలీవి, మండీ ఎలిస్‌వి. టేపుల దగ్గర రాత్రింబవళ్ళు కూర్చున్న టామ్ న్యూమన్, సైమన్ హేవర్త్ నిర్మాణంలో భాగస్వాములు. చేతిలో డ్రమ్ము లేని ఏకాకి డ్రమ్ము వాయించేవాణ్ణి పిలుచుకోక తప్పలేదు.

రికార్డు వచ్చిన నెలకు, 1973 జూన్ 25న, లండనులోని క్వీన్ ఎలిజబెత్ హాలులో దాన్ని ప్రదర్శించవలసి వచ్చింది. అప్పుడు వేదిక మీద ఒక పెద్ద బృందమే నిలబడింది. టేపు మీద ఒక మనిషి చేసిన పని ప్రజల ముందు చేయాలంటే ఎంతమంది కావాలో ఆ రాత్రి తేలింది. పెట్టుబడి లెక్క కూడా చెప్పుకోవాలి. అదే ఏడాది చివర 'ఎక్సార్సిస్ట్' సినిమా ఈ పియానో పలుకును వాడుకోవడంతో అమెరికాలో రికార్డు అమ్మకాలు పెరిగాయి. ఒక్క బ్రిటన్‌లోనే 25 లక్షలకు పైగా అమ్ముడైంది. అమ్మడానికి పనికిరాదన్న సరుకే వర్జిన్ వ్యాపారానికి పునాది అయింది. ఆ రికార్డు కంపెనీని బ్రాన్సన్ 1992లో ఇ.ఎం.ఐ.కి అమ్మాడు. మార్కెట్ మొదట కాదన్నదే తర్వాత మార్కెట్ మూలధనమైంది. ఈ చరిత్ర మనకు తెలిసిన సూత్రానికి మరో ఉదాహరణ. దాన్ని అక్కడ ఉంచుదాం. ఎందుకంటే నన్ను ఎక్కువగా వేధించిన ప్రశ్న వేరే ఉంది. అది మా ఉద్దానంలోనే ఎదురైంది.

ఫోనులో వంత

మా ప్రాంతపు కళ జముకుల కథ. ఒక వైపు తోలు మూసిన గుల్ల, ఆ తోలు మధ్యలోంచి లాగిన తీగ. గుల్లను చంకలో ఇరికించుకుని తీగను బిగిస్తూ, వదులుచేస్తూ మీటుతారు. కథకుడు చెబుతాడు, వంతలు అందుకుంటారు. ఉద్దానం బొడ్డపాడుకు చెందిన సుబ్బారావు పాణిగ్రాహి ఈ రూపాన్నే రైతాంగ పోరాటానికి గొంతు చేశాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతుల్లో చనిపోయాడు. ఆయన పేరు అందరికీ తెలుసు. ఆయన పక్కన వంత పాడిన వాళ్ళ పేర్లు మనలో ఎందరం చెప్పగలం?

మందస వైపు ఒక ముసలి కథకుడు నాకు పరిచయం. ఆయన వంతల్లో ఒకరు చనిపోయారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను కొబ్బరి తోటల్నీ జీడి తోటల్నీ నేలమట్టం చేశాక, రెండోవాడు కుటుంబంతో వలసపోయాడు. మనవడు ఉపాయం చేశాడు. తాతచేతనే వంత పాడించి ఫోనులో ఎక్కించాడు, చిన్న స్పీకరు కొనితెచ్చాడు. పలాస దగ్గర ఒక పండగ సందర్భంలో ఆ కథ విన్నాను. కథకుడూ ఆయనే, వంతా ఆయనే. జనం ముచ్చటపడ్డారు. నేనూ ముచ్చటపడేవాణ్ణే. కాని కథ మధ్యలో ఒక పిల్ల ఏడ్చింది. ముసలాయన అలవాటు కొద్దీ ఆ ఏడుపును కథలో కలిపి ఒక చమత్కారం వేయబోయాడు. స్పీకరు ఆగలేదు. తన వేళకు తాను వంత అందుకుంది. ఆయన చమత్కారాన్ని నోట్లోనే మింగి, దాని వెంట పరుగెత్తాడు.

కథ అయ్యాక కూర్చుని బీడీ కాలుస్తూ, "అది నా మాట ఇనదు బాబూ. నానే దాని మాట ఇనాల" అన్నాడు.

ఓల్డ్‌ఫీల్డ్ రికార్డు మీద ఇంతకన్నా మంచి విమర్శ నేను ఎక్కడా చదవలేదు. పొరమీద పొరగా ఒక్కడే వాయించేవాడు నిన్న తాను వాయించినదానికి ఇవాళ లొంగి వాయించాలి. నిన్నటి తాను ఇవాళ్టి తనకు జవాబు చెప్పడు. 'ట్యూబ్యులర్ బెల్స్'లోని బిగువంతా అక్కడే ఉంది. మారని ఆ పలుకు చుట్టూ తిరుగుతున్న మనిషి దాన్ని రకరకాలుగా పలకరిస్తూ జవాబు కోసం ఎదురుచూస్తున్నట్టుంటుంది. మొదటి భాగం చివర మరొకడి గొంతు వచ్చి పేర్లు పిలిచినప్పుడు మనకు కలిగే సంతోషానికి కారణం అదే: మొదటిసారి అక్కడ ఇంకొక మనిషి ఉన్నాడు. రెండో భాగం చివర వినిపించే బాణీ కూడా అతని సొంతం కాదు, ఇంగ్లీషు నావికుల పాత నాట్యపు బాణీ. ఏకాకిగా బయలుదేరిన రచన పదిమంది కాళ్ళు కదిపే పాటలో ఆగుతుంది.

అందువల్ల దీన్ని వ్యక్తివాదమని ఒక్క మాటతో కొట్టివేయడం కుదరదు. ఒంటరితనాన్ని అది ఘనంగా చాటుకోలేదు, దానిలోంచి దారి వెతికింది. మనం చూడవలసిన తేడా ఇంకొకటి. టాటెన్‌హామ్ కుర్రవాడు తన మనసులో వినిపిస్తున్నది ఇంకెవరూ వాయించలేరు కాబట్టి ఒక్కడయ్యాడు. మా ఉద్దానం కథకుడు తనతో వాయించేవాళ్ళు ఊళ్ళో మిగలలేదు కాబట్టి ఒక్కడయ్యాడు. సాధనం రెండుచోట్లా ఒక్కటే, యంత్రం. మొదటివాడి చేతిలో అది కొత్త రూపాన్ని కన్నది. రెండోవాడి చేతిలో పోయిన మనుషుల చోటు పూడ్చడానికి తంటాలు పడుతోంది. రూపాన్ని మాత్రమే చూసే విమర్శకు ఈ రెండూ ఒకలాగే కనిపిస్తాయి. అలా కనిపించకుండా చూడడమే మన పని.

యువమిత్రుడు ఇప్పుడు ఆ ముసలాయన కథల్ని రికార్డు చేస్తున్నాడు. సంతోషమే. అతనికి ఒక్క మాట చెప్పాను: రికార్డు చేసే రోజున ఆ వలసపోయిన వంతను పండక్కి వచ్చినప్పుడు పట్టుకో, పక్కన కూర్చోబెట్టు. అట్టమీద అతని పేరు కూడా వెయ్యి.