ఏది కొట్టాలి, ఏది చెప్పకూడదు
దుగ్గిరాల మండల రైతులకు గమనిక: పీఎం కిసాన్ కింద ఏడాదికి రూ.6,000, మూడు విడతల్లో, ఖాతాలో పడాలంటే ఈ-కేవైసీ తప్పనిసరి. పోర్టల్‌లో ముందు 12 అంకెల ఆధార్ నంబరు కొట్టాలి. కొట్టింది కొట్టినట్టే కనిపిస్తుంది, తప్పుంటే దిద్దుకోవచ్చు. ఆపైన ఆధార్‌కు లింకైన ఫోన్‌కు వచ్చిన ఓటీపీ కొడితే పనైపోతుంది.

యూపీఐ పిన్ గడి సంగతి వేరు. అక్కడ అంకెలకు బదులు చుక్కలు పడతాయి. ఫోన్ పాడైందేమో అని కొందరు కంగారు పడుతుంటారు. పాడవలేదండీ, పక్కనున్నవాళ్లు చూడకుండా అలా పెట్టారు. అయితే "నంబరు చెప్పు బాబాయ్, నేను కొడతా" అనగానే పైకి చెప్పేస్తే ఆ చుక్కలున్నా లేకున్నా ఒకటే.

పిన్ అడిగేది మీరు డబ్బు పంపేటప్పుడు, లేదా బ్యాలెన్స్ చూసుకునేటప్పుడు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. "విడత పడింది, పిన్ కొట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే వెంటనే పెట్టేయండి. పసుపు అమ్మిన సొమ్మూ చాలామందికి అదే ఖాతాలో ఉంటుంది మరి.

పాత సిమ్ పోయి ఓటీపీ రాకపోతే సీఎస్‌సీ కేంద్రంలో వేలిముద్రతో ఈ-కేవైసీ చేయించుకోవచ్చు. డబ్బు పోయిందని తెలిస్తే మర్నాటిదాకా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి.