హార్డ్‌డిస్క్‌లోనూ గిల్టు పనే!

చిలకలపూడి గాజులకు బంగారు పూత ఎక్కించే సూత్రమే హార్డ్‌డిస్క్‌లో డేటా రాసే హెడ్ తయారీలోనూ పనిచేస్తుంది. లోహ లవణాలు కరిగిన ద్రావణంలోకి కరెంటు పంపడమే. అయితే అక్కడ ఎక్కేది బంగారం కాదు, అయస్కాంత గుణమున్న మిశ్రలోహం. అలాంటి మిశ్రలోహాల్లో పేరున్నది పర్మల్లాయ్: సుమారు 80 శాతం నికెల్, 20 శాతం ఇనుము.

పూత తొట్టిలో ఏమేం కలుపుతారో తెలిస్తే నవ్వొస్తుంది. ఆమ్లత అదుపు తప్పకుండా బోరిక్ ఆమ్లం. క్యారమ్‌బోర్డు మీద చల్లుకునే పొడి అదే. హైడ్రోజన్ బుడగలు అంటుకుని గుంటలు పడకుండా సోడియం లారిల్ సల్ఫేట్. టూత్‌పేస్టులో నురగ దానిదే. ఇక శాకరిన్, షుగర్ ఉన్నవాళ్లు టీలో వేసుకునే తీపి మాత్రల్లోది. పూత లోపలి బిగువును తగ్గించేది అదే. బిగువు మరీ ఎక్కువైతే పూత పగులుతుంది, పెచ్చులుగా లేచిపోతుంది.

ఆ 80-20 పాళ్లు ఊరికే పెట్టినవి కావు. అయస్కాంతీకరించినప్పుడు ఇనుము, నికెల్ లాంటి లోహాలు రవ్వంత సాగుతాయి, లేదా కుంచించుకుంటాయి. నికెల్ 81 శాతం దగ్గర ఈ గుణం దాదాపు సున్నా. అందుకే పూతలో కాస్త బిగువు మిగిలినా అయస్కాంత గుణం పెద్దగా చెడదు.

అసలు తిరకాసంతా ఇనుముతోనే. రసాయన శాస్త్రం లెక్క ప్రకారం నికెల్ సులువుగా ఎక్కాలి, ఇనుము వెనకబడాలి. జరిగేది తలకిందులు! తొట్టిలో ఇనుము కొంచెమే ఉన్నా పూతలోకి తన వాటాకు మించి చొరబడుతుంది. దీనికి ‘అసంగత సహనిక్షేపణ’ అని బరువైన పేరుంది. కారణమేమిటో పరిశోధకులు డామ్స్, క్రోల్ 1965లో ఒక వివరణ ఇచ్చారు. తర్వాతివాళ్లు వేరే వివరణలు తెచ్చారు. వాదన చాలాకాలం నడిచింది.

తొట్టిలో ఇనుము తక్కువ కాబట్టి, ద్రావణం ఎక్కడ ఎలా కదిలితే అక్కడ పాళ్లు అలా మారిపోతాయి. ఐబీఎంలో లుబోమిర్ రోమాంకివ్ దీనికి చూపిన ఉపాయం చాలా సాదాది: పూత ఎక్కే పలక ముందు ఒక తెడ్డు అటూ ఇటూ ఒకే వేగంతో ఆడుతూ ఉండటం. పూత ఎక్కుతుండగానే పక్కన అయస్కాంత క్షేత్రం ఉంచితే, పొర ఏ దిక్కున సులువుగా అయస్కాంతీకరణ చెందాలో కూడా ముందే ఖాయమవుతుంది.

వేగం మాటకొస్తే, చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీయాంపియర్ల కరెంటుతో ఒక మైక్రాన్ నికెల్ ఎక్కడానికి 5 నిమిషాలు చాలు.

రోమాంకివ్, డేవిడ్ థాంప్సన్ కృషితో రూపుదిద్దుకున్న పల్చటి పొరల హెడ్‌లు 1979లో ఐబీఎం 3370 డిస్క్‌డ్రైవ్‌తో మార్కెట్లోకి వచ్చాయి. అంతకుముందు ఫెరైట్ ముక్కకు తీగ చుట్టేవారు.

1976లో అంగారకుడి మీద దిగిన వైకింగ్ ల్యాండర్ల కంప్యూటర్లలోనూ ఇలాంటి పూతే ఉంది. సన్నటి తీగల మీద ఎక్కించిన అయస్కాంత పొరే వాటి జ్ఞాపకశక్తి.

ఇప్పటి హార్డ్‌డిస్క్ హెడ్‌లలో రాసే కొనకు కోబాల్ట్-ఇనుము మిశ్రమం వాడతారు. పర్మల్లాయ్ అయస్కాంత బలం ఒక టెస్లా దగ్గరే ఆగిపోతే, దీనిది 2.4 టెస్లాల దాకా వెళ్తుంది.