సొరంగంలో బండి, గుండెల్లో దడ

కిరండూల్ బండి శివలింగపురం దాటిందంటే పిల్లలంతా కిటికీల దగ్గరికి చేరిపోతారు. సొరంగంలో దూరగానే బోగీ అంతా "ఓ..." అని ఒకటే కేక. పట్టపగలు బల్బుల వెలుతురు. కిటికీ అవతల రాతిగోడ మీంచి నీళ్లు జారుతుంటాయి, చెమ్మ వాసన ముక్కుకు తగులుతుంది. కేక పూర్తికాకముందే ఎండ మొహాన కొడుతుంది. ఊపిరి తీసుకునేలోపు మళ్లీ చీకటి.

కొత్తవలస నుంచి బస్తర్‌లోని కిరండూల్ దాకా దాదాపు 445 కిలోమీటర్ల ఈ కె.కె. లైన్‌లో సొరంగాలు 58, పెద్ద వంతెనలు 84. బైలాడిలా కొండల ఇనప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేసిన దారి ఇది. బైలాడిలా అంటే ఎద్దు మూపురం. దారిలో వచ్చే శిమిలిగుడ 996 మీటర్ల ఎత్తున ఉంది. కశ్మీర్ లోయకు రైలు వచ్చేదాకా దేశంలో బ్రాడ్‌గేజ్ మీద అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ అదే.

2017లో మొదలైన హైదరాబాద్ మెట్రో తొలి దశ మొత్తం స్తంభాల మీదే నడుస్తుంది. అందుకే మన తెలుగువాళ్లకు చీకట్లో దూరే రైలు అంటే నా లెక్కలో కిరండూల్ బండే. పాతాళ రైళ్ల థ్రిల్లర్లు చూసినప్పుడల్లా నాకు ఈ లైనే గుర్తొస్తుంది.

సినిమాకు సొరంగంతో చుట్టరికం మొదటినుంచీ ఉంది. 1899లో జి.ఏ. స్మిత్ అనే ఇంగ్లిష్ ఆయన, బండి సొరంగంలోకి వెళ్లే దృశ్యానికీ బయటికొచ్చే దృశ్యానికీ మధ్యన, పెట్టెలో భార్యాభర్తలు ముద్దు పెట్టుకునే ముక్క అతికించాడు. రెండు చోట్ల తీసిన ముక్కలను ఒకే కథగా అతికిన తొలి ప్రయత్నాల్లో అదొకటి. చీకటి వెనక ఏం జరిగిందో చూపించాలన్న కోరికే ఎడిటింగ్‌కు దారి తీసిందంటే నాకు భలే అనిపిస్తుంది. 1904 అక్టోబరులో న్యూయార్క్ సబ్‌వే మొదలైతే, మరుసటి మేలోనే బిల్లీ బిట్జర్ కెమెరాతో అందులో దిగాడు. ముందు ఒక బండి, దాని వెనక కెమెరా పెట్టిన బండి, పక్క పట్టాల మీద దీపాలు మోసుకుంటూ మూడోది. అయిదారు నిమిషాల బొమ్మ కోసం మూడు బళ్లు!

ఈ కోవలో రారాజు మాత్రం 1974లో వచ్చిన 'ద టేకింగ్ ఆఫ్ పెలమ్ వన్ టూ త్రీ'. మధ్యాహ్నం 1:23కి న్యూయార్క్‌లోని పెలమ్‌లో బయల్దేరిన సబ్‌వే బండిని నలుగురు హైజాక్ చేస్తారు. గంటలో పది లక్షల డాలర్లు ఇవ్వాలి, లేకపోతే నిమిషానికొకరి చొప్పున చంపేస్తామంటారు. సొరంగంలోంచి ఎటు పారిపోతారన్నదే ప్రశ్న. కిటుకంతా డ్రైవర్ చేతికింద ఉండే పిడిలో ఉంది. చెయ్యి తీస్తే బండి దానంతటదే ఆగిపోవాలి. మరి డ్రైవర్ లేకుండా ఎలా పరుగెత్తుతోంది? చూడనివాళ్ల కోసం చివరి తుమ్ము సంగతి చెప్పడం లేదు. ఎవరైనా చూసి నిజంగానే అలా చేస్తారేమోనని సబ్‌వే అధికారులు భయపడి, ప్రత్యేకంగా బీమా చేయించమని పట్టుబట్టారు. బళ్ల మీద గోడరాతలు కనిపించకూడదనీ షరతు పెట్టారు. షూటింగ్ జరిగిన కోర్ట్ స్ట్రీట్ స్టేషన్ 1946లోనే మూతపడింది. ఇప్పుడది రవాణా మ్యూజియం.

1928లోనే లండన్ భూగర్భ రైళ్లలో 'అండర్‌గ్రౌండ్' అనే మూకీ తీశారు. హంగరీ వాళ్ల 'కంట్రోల్' (2003)లో మొదటినుంచి చివరిదాకా సూర్యుడే కనపడడు. బుడాపెస్ట్ మెట్రో రాత్రి బళ్లు ఆగాక, తెల్లవారేలోపు, ఆ కొద్ది గంటల్లోనే షూటింగ్. టికెట్ తనిఖీ చేసేవాళ్ల బతుకును అంత దగ్గరగా చూపిన థ్రిల్లర్ నేను ఇంకోటి చూడలేదు.

మన దేశానికొస్తే 'కహానీ' (2012). తొలి నిమిషాల్లోనే కోల్‌కతా మెట్రో పెట్టెలో విషవాయువు, ప్రాణాలు పోయిన ప్రయాణికులు. 1984లో మొదలైన ఆ మెట్రో దేశంలో మొదటిది కాబట్టి ఆ కథకు అంతకన్నా తగిన చోటు లేదు. శేఖర్ కమ్ముల 2014లో ఆ సినిమానే 'అనామిక'గా తీస్తూ కథను హైదరాబాద్ పాతబస్తీకి తెచ్చారు. అప్పటికింకా ఇక్కడ మెట్రో లేదు.

కె.కె. లైన్ మీద ఇలాంటి సినిమా రావాలని నా కోరిక. సెట్టింగులు వేయాల్సిన పని లేదు. బొర్రా దగ్గర బండి గుహల మీదుగానే పోతుంది. పైన పట్టాలు, కింద చీకటి. జగదల్‌పూర్ దాటి కాంగేర్ లోయ అడవిలోకి వెళ్తే కుటుంసర్ గుహ, అందులోని నీళ్లలో తరతరాలుగా వెలుతురు ఎరగని, చూపు మందగించిన చేపలు. ఇక భయం సంగతి చెప్పాలంటే, దంతెవాడ వైపు మావోయిస్టులు పట్టాలు తప్పించిన ఘటనలు ఎన్నో. బంద్ పిలుపు వచ్చిందంటే ప్యాసింజర్‌ను దంతెవాడలోనే ఆపేసిన రోజులున్నాయి. మూటాముల్లెతో అక్కడే దిగిపోయినవాళ్ల మొహాలు ఏ దర్శకుడైనా ముందు చూడాలి. వాళ్ల భయాన్ని ఫైటింగు సీనుకు సరుకుగా వాడుకుంటే నాకు నచ్చదు.

నేనైతే కథను క్రాసింగ్‌తో మొదలుపెడతాను. కొండల్లో చిన్న స్టేషన్, సాయంకాలం. బండి ఆగి అరగంటయింది. సిగ్నల్ ఎర్రగానే ఉంది. ఎవరో కిందకు దిగి పట్టాల వైపు చెవి పెడతారు. సొరంగం నోట్లో ముందు చిన్న వెలుగు, తర్వాత నేల అదురు, తర్వాత ఖనిజం బండి. ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉంటాయి. ఆఖరి వ్యాగన్ దాటేసరికి, దిగిన మనిషి అక్కడ ఉండడు.