పన్ను తీయించుకోవడానికి గుండె మాత్ర మానాలా?

ఉక్కు కర్మాగారంలో కొలువుల కోసం శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి వచ్చి టాటానగర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలలో పదవీ విరమణ చేసిన పెద్దలు ఎందరో ఉన్నారు. గుండె కవాటం మార్పిడి వల్లనో, స్టెంటు వల్లనో, గుండె లయ తప్పడం వల్లనో ‘రక్తం పలచబరిచే’ మాత్ర రోజూ వేసుకోవలసివచ్చే వయసూ, పళ్ళు కదిలే వయసూ ఒకటే కావడంతో కొన్ని అపోహలు ఇక్కడ ప్రాణాల మీదికి తెస్తాయి.

అపోహ: ఈ మందులతో రక్తం నీళ్ళలా పలచబడుతుంది కనుక పన్ను తీస్తే ఇక ఆగదు.

వాస్తవం: పొరపాటు ఆ పేరులోనే ఉంది. రక్తం చిక్కదనం మారదు, గడ్డకట్టడం మాత్రమే నెమ్మదిస్తుంది. వార్ఫరిన్, ఎసినోకౌమరాల్ అనేవి విటమిన్ కె సాయంతో కాలేయం తయారుచేసే గడ్డకట్టించే ప్రోటీన్లను తగ్గిస్తాయి. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ అనేవి ప్లేట్‌లెట్లు అనే సూక్ష్మకణాలు ఒకదానికొకటి అతుక్కోకుండా అడ్డుకుంటాయి. అందువల్ల రక్తం ఆగడానికి కొంత ఎక్కువసేపు పడుతుందే తప్ప, తగిన జాగ్రత్తలు తీసుకుంటే ఆగకపోవడం అరుదు.

అపోహ: వారం ముందే మాత్ర మానేస్తే క్షేమం.

వాస్తవం: అన్నిటికన్నా ప్రమాదకరమైన నమ్మకం ఇది. చిగురు నుంచి కారే రక్తం కంటికి కనిపిస్తుంది, గాజుగుడ్డ పెట్టి నొక్కితే అదుపులోకి వస్తుంది. మెదడుకు వెళ్ళే రక్తనాళంలోనో, లోహపు కవాటం మీదనో, స్టెంటులోనో ఏర్పడే గడ్డ కనిపించదు, చేతికి అందదు. అమెరికా దంతవైద్యుడు మైకేల్ వాల్ 2000లో అప్పటి వరకు వచ్చిన నివేదికలను క్రోడీకరించినప్పుడు, మాత్ర మానకుండా దంతచికిత్స చేయించుకున్న 950 మందికి పైగా రోగులలో స్థానిక చర్యలతో రక్తం అదుపు కానివారు 12 మందే కాగా, మాత్ర ఆపిన సుమారు 500 మందిలో ఐదుగురికి గడ్డల వల్ల తీవ్రమైన ఉపద్రవాలు కలిగి నలుగురు మరణించారు.

వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి ఐఎన్ఆర్ పరీక్ష దిక్సూచి. రక్తం గడ్డకట్టడానికి మామూలు కంటే ఎంత ఎక్కువ సమయం పడుతోందో తెలిపే ఈ సూచిక, పన్ను తీయడానికి ముందు 24 గంటల లోపు, నిలకడగా ఉండేవారిలో 72 గంటల లోపు చేసిన పరీక్షలో 4 కంటే తక్కువగా ఉంటే, సాధారణంగా మాత్ర ఆపకుండానే పన్ను తీయవచ్చు. పన్ను తీసిన గుంటలో కరిగిపోయే సెల్యులోజ్ పొర ఉంచి కుట్లు వేయడం, ట్రానెక్సామిక్ ఆమ్లంతో తడిపిన గాజుగుడ్డను కరిచిపట్టించడం వంటివే ఆ స్థానిక చర్యలు. రివరోక్సబాన్, ఎపిక్సబాన్ వంటి కొత్త మందులకు ఈ పరీక్ష పనికిరాదు. పెద్ద శస్త్రచికిత్స అయితే ఆ ఉదయపు మోతాదును మాత్రం వైద్యుని సూచన మేరకు వాయిదా వేయడమో మానడమో జరుగుతుంది. స్టెంటు పడినవారు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ మాత్రలలో దేనినీ సొంత నిర్ణయంతో ఆపరాదు.

అపోహ: నొప్పికి ఏ మాత్రయినా ఒకటే.

వాస్తవం: ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ రక్తస్రావాన్ని పెంచుతాయి కనుక పారాసిటమాల్ మేలు. చిగుళ్ళ వాపుకు విరివిగా రాసే మెట్రొనిడజోల్, నోటిపూతకు పూసే మైకొనజోల్ జెల్ కూడా వార్ఫరిన్ ప్రభావాన్ని హెచ్చిస్తాయి. కాబట్టి వాడే మందుల చీటీ మొత్తం దంతవైద్యునికి చూపించవలసిందే.

పన్ను తీయించుకోవడానికి వారం మొదట్లో, ఉదయం వేళ మంచిది, ఎందుకంటే ఒకటి రెండు రోజుల తరువాత రక్తం మళ్ళీ కారితే వైద్యుడు అందుబాటులో ఉంటాడు. టాటానగర్‌లో పన్ను తీయించుకుని ఆ రాత్రే స్వగ్రామానికి రైలెక్కడం అందుకే తగదు. రక్తం కారితే శుభ్రమైన గాజుగుడ్డను తడిపి 20 నిమిషాలు గట్టిగా కరిచిపట్టాలి. అప్పటికీ ఆగకపోతే బిష్టుపూర్‌లోని టాటా మెయిన్ హాస్పిటల్ వంటి పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి మందుల చీటీతో సహా వెళ్ళాలి.